ఔటైనవాడు మళ్లీ లోపలికొచ్చే ఆట

పిల్లల్ని కోచింగ్ క్యాంపుల్లో చేర్చమంటూ మీరు రాసిన వ్యాసం చదివాను. ఆటలాడే పిల్లలకు క్రమశిక్షణ అలవాటవుతుందని అందులో రాశారు. అవుతుందేమో. మాకైతే అది పెద్దగా అబ్బలేదు గానీ, స్నేహితులు మిగిలారు.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఓ మూల సాయంత్రాలు కబడ్డీ ఆడేవాళ్లం. ఆ ఆటలో నాకు బాగా నచ్చే రూలు ఒకటుంది. మనవాడు ఔటై బయట కూర్చున్నా, మనం అవతలివాణ్ణి ఒకణ్ణి పట్టేస్తే చాలు, లోపలికి వచ్చేస్తాడు. అదీ ముందు ఔటైనవాడే ముందు. క్రికెట్‌లో అయితే ఇక ప్యాడ్లు విప్పుకోవడమే!

ఇంటర్ తప్పిన ఏడాది నేను గ్రౌండ్‌కు పోవడం మానేశాను. మూడో రోజు మా జట్టులో కార్నర్ ఆడేవాడు, అంటే చివర నిలబడి కూతకొచ్చినవాడి కాలు పట్టేవాడు, ఇంటికొచ్చి, అమ్మ ముందే "ఏం మచ్చా, కాలు పట్టేదానికి కూడా మార్కుల లిస్టు కావాల్నా?" అన్నాడు. అమ్మ నవ్వేసింది. నేను చెప్పులేసుకుని వాడి వెనకే వెళ్లాను.

ఇప్పుడు అందరికీ నలభై దాటాయి. ఏడాదికోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లూ కలిసే ఎక్కుతాం. మోకాలు నొప్పిగాడి కోసం గాలిగోపురం దగ్గర ఆగుతాం. వాడు తీరిగ్గా మజ్జిగ తాగి మరీ లేటు చేస్తాడు.

కోచింగ్ క్యాంపుల మీద మాత్రం మీకున్నంత నమ్మకం నాకు లేదు. మా అబ్బాయిని బ్యాడ్మింటన్‌లో చేర్చాను, బాగానే ఆడుతున్నాడు. పక్క కోర్టు పిల్లాడి పేరడిగితే తెలీదన్నాడు. గంట కాగానే బండి స్టార్ట్ చేసి గేటు దగ్గర నిలబడేది మేమే కదా, వాళ్లు మాట్లాడుకునేదెప్పుడు? ఈ ఆదివారం అరగంట లేటుగా వెళ్దామనుకుంటున్నా.