ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌ను నిలబెట్టింది మెరిలిన్ మన్రో ఫోన్ కాల్ కాదు

వాట్సాప్‌లో ఒక కథ తెగ తిరుగుతోంది. నల్లజాతి గాయని కాబట్టి అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌ను హాలీవుడ్‌లోని మొకాంబో క్లబ్బులోకి రానివ్వలేదట. 1955లో సినిమా తార మెరిలిన్ మన్రో క్లబ్బు యజమానికి ఫోన్ చేసి, ఆమెతో పాడిస్తే రోజూ ముందు టేబుల్ దగ్గర కూర్చుంటానని మాటిచ్చిందట. అలా అక్కడ పాడిన మొదటి నల్లజాతి గాయని ఎల్లానే అట, ఆమె కెరీర్ మొదలైందే ఆ రాత్రి అట.

"మొదటి" అన్నది అబద్ధం. నల్లజాతి గాయనులే అయిన డొరొతీ డాండ్రిడ్జ్ 1951లో, అర్థా కిట్ 1953లో అదే వేదిక మీద పాడారు. ఎల్లాలో గ్లామర్ లేదన్నదే యజమాని అభ్యంతరమని ఆమె జీవితచరిత్రకారులు రాశారు. అంత గొప్ప గొంతును రూపంతో కొలవడం కూడా అవమానమే. ఆ అవమానాన్ని కథ మింగేసింది.

మన్రో సాయం మాత్రం నిజం. తాను ఆమెకు రుణపడ్డానని ఎల్లానే 1972లో చెప్పింది, మన్రో రోజూ ముందు టేబుల్ దగ్గరే ఉందని కూడా అంది. కానీ 1955 మార్చిలో ఎల్లా అక్కడ పాడే నాటికి మన్రో న్యూయార్క్‌కు మారిపోయింది. కథతో పాటు పంచే ఇద్దరి ఫొటో మొకాంబోది కాదు, 1954 నవంబరులో టిఫనీ క్లబ్బులో తీసింది.

ఇక కెరీర్ సంగతి. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. 1934లో, 17 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెమ్‌లోని అపోలో థియేటర్ పోటీలో గెలిచిన అమ్మాయి ఆమె. మరుసటి ఏడాది డ్రమ్మర్ చిక్ వెబ్ బ్యాండ్‌లో చేరింది. 1938లో ఒక పిల్లల పాటను తిరగరాసి పాడితే దేశమంతా మోగింది. 1939లో వెబ్ చనిపోతే, 22 ఏళ్లకే ఆ బ్యాండ్ ఆమె పేరుతో నడిచింది. పదాలు లేకుండా గొంతునే వాయిద్యంలా పలికించే స్కాట్ గానంలో 1940లలోనే ఆమెకు సాటి లేదు. మొకాంబో నాటికి ఇరవై ఏళ్ల అనుభవం ఆమెది.

వర్ణవివక్ష ఆ ఫోన్‌తో తీరిపోలేదు. 1955 అక్టోబరులోనే టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో, నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేరుగా కూర్చోబెట్టనని ఎల్లా మేనేజర్ నార్మన్ గ్రాంజ్ పట్టుబట్టిన కచేరీలో, పోలీసులు డ్రెస్సింగ్ రూమ్‌లోకి చొరబడ్డారు. జూదం కేసు పెట్టి ఎల్లాను, ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీని స్టేషన్‌కు తీసుకెళ్లారు. మన్రో కథ పంచేవాళ్లు ఈ సంగతి కూడా పంచండి, గ్రాంజ్ పేరుతో సహా.