ఐస్‌కి ధరల పట్టిక ఎప్పుడు?

విశాఖలో ధర లేని సరుకంటూ లేదు. పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలకి పొద్దున్నే రేటు కడతారు. కురుపాం మార్కెట్లో గ్రాము బంగారం ఎంతో బోర్డు పెడతారు. ఫిషింగ్ హార్బర్లో వంజరానికి పాట పాడతారు. ఇంత పద్ధతి తెలిసిన జనం ఉండి, కుర్రాళ్లు ‘ఐస్’ అని పిలుచుకునే మత్తుమందు మెథాంఫెటమిన్‌కి (పొట్టిగా మెత్) మాత్రం నేటికీ అధికారిక ధర లేకపోవడం పాలనకే మచ్చ.

2023 మేలో కొచ్చి తీరంలో కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ ఎన్‌సీబీ, నౌకాదళం కలిసి సుమారు 2,500 కిలోలు పట్టుకున్నాయి. విలువ 12 వేల కోట్లన్నారు. తూకం పూర్తయ్యాక 25 వేల కోట్లన్నారు. సరుకు అదే, బరువూ ఇంచుమించు అంతే. ధర మాత్రం కిలో 5 కోట్ల నుంచి 10 కోట్లకి ఎగబాకింది. మరుసటి ఏడాది నవంబరులో అండమాన్ దగ్గర మయన్మార్ వాళ్ల చేపల పడవలో కోస్ట్‌గార్డుకి 6 వేల కిలోలు దొరికాయి. ఈసారి 36 వేల కోట్లు, అంటే కిలో 6 కోట్లు. ఏడాదిన్నరలో 40 శాతం పతనం! ఇంత జరిగినా ఆర్థిక శాఖ ఒక్క ప్రకటన చెయ్యలేదు.

ఈ అంకెలు ఎలా పుడతాయో తెలియనివాళ్ల కోసం: అత్యంత ఖరీదైన నగరంలో చిట్టచివరి కొనుగోలుదారు ఒక గ్రాముకి ఇచ్చే రేటు తీసుకుని మొత్తం బరువుతో హెచ్చిస్తారు. భీమిలి రేవులో పడవ దిగని చేపకి స్టార్ హోటల్ ప్లేటు ధర కట్టడమే ఇది. పడవలోని టోకు ధరతో లెక్కేస్తే హెడ్డింగుకి సరిపడా కోట్లు రావు.

ఇంకో పేచీ ఉంది. ఐక్యరాజ్యసమితి మత్తుపదార్థాల విభాగం లెక్కల్లో తూర్పు, ఆగ్నేయ ఆసియాలో పట్టుబడిన మెత్ 2023లో 190 టన్నులు, 2024లో 236 టన్నులు. మార్కెట్లోంచి అంత సరుకు తీసేస్తే ధర పెరగాలి. అక్కడ ఏళ్ల తరబడి తగ్గుతూ వస్తోంది. అంటే పట్టుకున్నదానికంటే వండుతున్నది ఎక్కువ. మయన్మార్ షాన్ రాష్ట్రంలో వండేవాళ్లకి వాన అక్కర్లేదు, ఎకరాలు అక్కర్లేదు. ఒక రసాయనం మీద అదుపు పెడితే మరోదానికి మారతారు. మెత్ తయారీకి వాడే ఎఫెడ్రిన్ మీద ఆంక్షలున్నా కథ ఆగలేదంటే కారణం అదే. అయినా పట్టుబడిన టన్నులు పెరిగాయి కాబట్టి మనం గెలుస్తున్నామనే అనుకోవాలి. ఓడితే ఈ టన్నులు తగ్గుతాయో పెరుగుతాయో అడగడం దేశభక్తి కాదు.

మన ఏజెన్సీ కొండల్లో ఈ కష్టం లేదు. గంజాయి మొక్క ఆకుపచ్చగా నిలబడి ఉంటుంది, డ్రోన్‌కి కనిపిస్తుంది, నరకొచ్చు, కాల్చొచ్చు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోలు తగలబెట్టారు. అది కదా దృశ్యం! పావుకిలో ఐస్‌ని బల్ల మీద పెడితే వెనక నిలబడ్డ అధికారులు ఆరుగురూ కనిపిస్తారు గానీ సరుకు ఫొటోలో పడదు.

చట్టానికి కూడా తన కాటా ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్ కింద గంజాయి 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’, మెత్ అయితే 50 గ్రాములు దాటితే చాలు. రెండింటికీ కనీసం 10 ఏళ్లు, లక్ష జరిమానా. సుప్రీంకోర్టు 2020లో చెప్పిన ప్రకారం కలిపిన కల్తీ బరువు కూడా లెక్కలోకే వస్తుంది. కల్తీ చేసినవాడికి అదనపు శిక్ష ఇంత కచ్చితంగా పడే చోటు ఈ దేశంలో ఇంకొకటి చూపించండి. చింతపల్లి నుంచి బ్యాగు మోస్తే కూలి వస్తుందని బయల్దేరిన కుర్రాడు 21 కిలోలతో ఆర్టీసీ కాంప్లెక్సులో దొరికితే అడవివరం జైలుకి. ఆ బ్యాగుకి పెట్టుబడి పెట్టినవాడు ఎఫ్ఐఆర్‌లో ‘పరారీలో ఉన్న వ్యక్తి’గా సుఖంగా ఉంటాడు.

దొరికినంత మాత్రాన కేసు నిలబడదు. ఒంటి మీద వెతికే ముందు గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేట్ ఎదుటో సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి చెప్పాలి. ‘లేదా మేమే చూసేస్తాం’ అని మూడో దారి కలిపితే కోర్టులో ఆ సోదా చెల్లదు. మధ్యవర్తుల రిపోర్టులో రాసిన బరువూ, ల్యాబుకి చేరిన బరువూ కలవాలి. 2022 నిబంధనల ప్రకారం నమూనాలు మేజిస్ట్రేట్ సమక్షంలో, ఒకేలాంటివి రెండేసి తియ్యాలి: మామూలుగా 5 గ్రాములు, గంజాయి, చరస్, నల్లమందు అయితే 24 గ్రాములు. పదిహేను ప్యాకెట్లూ చింపి ఒకే కుప్ప పోసి అందులోంచి చిటికెడు తీస్తే, ఏ ప్యాకెట్లో ఏముందో దేవుడికీ తెలీదు, డిఫెన్సు లాయరుకి మాత్రం బాగా తెలుసు. తర్వాత పట్టుకున్న సరుకు దాచే మాల్‌ఖానా. 2022లో మథుర పోలీసులు 581 కిలోల గంజాయిని ఎలుకలు తిన్నాయని కోర్టుకి చెప్పుకున్నారు. ఆ ఎలుకల మీద వాణిజ్య పరిమాణం కేసు పెట్టకపోవడం అన్యాయం.

ఇక మన ఊరి ఘనకార్యం. 2024 మార్చిలో ఎన్నికల షెడ్యూలు వచ్చిన వారంలోనే, బ్రెజిల్ నుంచి విశాఖ పోర్టుకి వచ్చిన కంటైనరును సీబీఐ తెరిచింది. వెయ్యి బస్తాలు, బస్తాకి 25 కిలోలు, మొత్తం 25 టన్నుల ఎండు ఈస్టు. అక్కడికక్కడ కిట్‌తో చేసిన పరీక్షలో రంగు మారింది. కిట్ చేసేది అంతే, రంగు మార్చడం. అది అనుమానానికి ఆధారం, నిర్ధారణ ల్యాబులోని యంత్రాలది. వేరే పదార్థాలకీ కొన్నిసార్లు రంగు వస్తుంది. ఈ చిన్న షరతు కిట్ తయారుచేసినవాళ్లకి తెలుసు, టీవీ స్టూడియోలకి తెలీదు. ‘25 వేల కిలోల డ్రగ్స్’ అని రాష్ట్రమంతా ఊగింది, ఆ కంటైనరు నీదంటే నీదని పార్టీలు తిట్టుకున్నాయి. ఓట్లు పడ్డాయి, ప్రభుత్వం మారింది. ఆ ఏడాది చివరికి తేలిందేమిటంటే అందులో మత్తు ఏమీ లేదు. ఈస్టు పొంగుతుందని వంటింట్లో అందరికీ తెలుసు. ఎండిపోయిన ఈస్టు కూడా ఇంత పొంగగలదని అప్పుడే తెలిసింది.

ఈ సందడిలో వాడేవాడి సంగతి ఎవరికీ పట్టదు. కేంద్రం 2019లో విడుదల చేసిన సర్వేలో ఐస్ తరహా ఉత్తేజకాలు వాడేవాళ్లు 0.18 శాతం, మద్యం 14.6 శాతం. మద్యం మన ఖజానాకి ఆదాయం కాబట్టి ఆ అంకె మత్తు కిందకి రాదు. హెరాయిన్‌కి అలవాటుపడితే బుప్రెనార్ఫిన్ ఉంది, మెథడోన్ ఉంది. మెత్‌కి ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేదు. మానేసినవాడు మొదట రోజుల తరబడి నిద్రపోతాడు, ఆవురావురుమని తింటాడు. ఇంట్లోవాళ్లు బాగుపడ్డాడనుకుంటారు. దిగులు, చావు ఆలోచనలు, మళ్లీ కావాలన్న ఆరాటం ఆ వెనకే వచ్చి వారాల పాటు ఉంటాయి. మళ్లీ అలవాటులోకి జారిపోయేది అక్కడ. వాడినందుకో, కొద్దిపాటి సరుకుతో దొరికినందుకో కేసైనవాడు తనంతట తాను చికిత్సకి వస్తే ఆ చట్టం 64ఎ సెక్షన్ కింద కేసు నుంచి రక్షణ ఉంది. మత్తుపదార్థాల వ్యతిరేక దినం జూన్ 26న బీచ్‌రోడ్డు ర్యాలీ ప్లకార్డు మీద పట్టనంత పెద్ద వాక్యమేం కాదది. మానడానికి సాయం కోసం ఫోన్ చెయ్యడానికి 14446 ఉంది, సమాచారమివ్వడానికి రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక దళం ఈగల్ వాళ్ల 1972 ఉంది. జనానికి ఏ నంబరు దేనికో తెలీక రెండింటికీ భయపడతారు.

మెత్ మాన్పించడంలో అన్నిటికంటే రుజువైంది బహుమానాల పద్ధతి. వారానికి రెండు మూడుసార్లు మూత్రపరీక్ష. ఆనవాలు రెండు నుంచి నాలుగు రోజులే ఉంటుంది కనక వారానికోసారి చేస్తే తప్పించుకుంటారు. శుభ్రంగా ఉంటే అక్కడికక్కడే ఒక కూపన్; నెలాఖరున ఇస్తామంటే పనిచెయ్యదు. వరుసగా నిలబడితే విలువ పెరుగుతుంది, తప్పితే మళ్లీ మొదటికి. ఉచితాలు పంచడంలో మన రాష్ట్రానికి ఉన్న అనుభవం ఏ దేశానికీ లేదు కాబట్టి ఇది రేపే మొదలుపెట్టొచ్చు. ఆ కూపన్ మీద ఎవరి ఫొటో వెయ్యాలో తేలితే చాలు.