లోపాలేటి బావూ?

ఇంటర్వ్యూలో ఎన్ని ప్రశ్నలైనా తట్టుకోవచ్చు గానీ "మీ బలహీనతలు ఏంటి?" అన్న ప్రశ్న ఒకటుంది చూడండి, అది మాత్రం మా ప్రాంతం వాళ్లకి అస్సలు పడదు. ఎందుకంటే శ్రీకాకుళంలో మన బలహీనతలు మనం చెప్పుకునే అవసరం ఎప్పుడూ రాదు. ఇంటికొచ్చిన చుట్టం మంచినీళ్ల గ్లాసు అందుకోకముందే "ఏట్రా గుంటా, ఇలాగైపోనావు, ఇంకా ఉజ్జోగం రానేదా?" అని మొదలుపెట్టి, వెళ్లేలోపు మొత్తం జాబితా చదివేసి పోతాడు. ఆ పని ఊరంతా ఉచితంగా చేసిపెడుతున్నప్పుడు మనకి ప్రాక్టీసు ఎక్కడి నుంచి వస్తుంది?

మా మేనల్లుడు బీటెక్ అయ్యాక మా ఇంట్లోనే ఉండి ఉద్యోగాలకి ప్రయత్నిస్తున్నాడు. అక్కా వాళ్లది సోంపేట వైపు పల్లె, అక్కడ ఫోను సిగ్నల్ కావాలంటే మేడ ఎక్కాలి. ఇదివరకైతే ఇంటర్వ్యూ అనగానే సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని ఆమదాలవలస పోయి రైలెక్కాల్సిందే (శ్రీకాకుళం రోడ్ అని మా ఊరి పేరు పెట్టుకున్న స్టేషను అక్కడుంది, మా ఊళ్లో లేదు, ఆ బాధ వేరే). ఇప్పుడు అంతా ల్యాప్‌టాప్‌లోనే కదా. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ.

వీడు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక కోచింగ్‌లో చేరాడు. అక్కడి మాస్టారు చెప్పినదాన్ని బట్టి ఈ బలహీనత ప్రశ్నకో పద్ధతుంది. "నాకు బలహీనతలే లేవు" అనకూడదు, పొగరనుకుంటారు. "నేను పర్ఫెక్షనిస్టుని" అనీ అనకూడదు, అది అందరూ చెప్పి చెప్పి అరగదీశారు. అలాగని కోడింగ్ ఉద్యోగానికెళ్లి కోడింగే రాదనీ అనకూడదు. ఆ ఉద్యోగానికి పెద్దగా అడ్డురాని లోపం ఏదో ఒకటి నిజంగా ఉన్నది చెప్పి, దాన్ని దిద్దుకోవడానికి ఏం చేస్తున్నానో ఒక ఉదాహరణతో చెప్పాలి. వాళ్లు చూసేది లోపాన్ని కాదట, వీడి గురించి వీడికి ఏమైనా తెలుసా లేదా అని చూస్తారట. సలహా మంచిదే. మావాడు అందులో "నిజంగా ఉన్నది" అన్న ముక్క వదిలేసి మిగతాది పట్టుకున్నాడు. "పనిలో పడితే తిండీ నిద్రా మర్చిపోతాను సార్. ఈమధ్య అది తగ్గించుకోవడానికి ఉదయం ఐదింటికే లేచి రోజుకి ప్లాన్ రాసుకుంటున్నాను" అని ఇంగ్లీషులో రాసుకుని బట్టీ కొట్టాడు. వినడానికి ఎంత బాగుందో. నాకే ఉద్యోగం ఇచ్చేయాలనిపించింది.

ఇంటర్వ్యూ ఆదివారం పదకొండింటికి పెట్టారు. ఆదివారం అని తెలియగానే వాడి ముఖం వెలిగిపోయింది, ఎందుకంటే ఆదివారం మా అమ్మ అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్తుంది. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చిలోనూ అక్టోబరులోనూ మాత్రమే అయినా, మామూలు ఆదివారాల్లో కూడా అక్కడ జనం తక్కువేం ఉండరు. క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని, తెలిసినవాళ్లందర్నీ పలకరించి ఆవిడ ఇల్లు చేరేసరికి ఒంటి గంట. అప్పటిదాకా ఇల్లు నిశ్శబ్దం. ఆ లెక్క మీద వీడు హాల్లో, ఫ్యాన్ కింద, తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాడు. నేను కెమెరాలో పడకుండా పక్కగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాను, చదవడానికి కాదు.

ఆ రోజు గుడి దగ్గర ఎవరో తెలిసినాయన కనబడి మా అమ్మకి దర్శనం తొందరగా చేయించేశాడు. పుణ్యాత్ముడు.

ఆవిడ పెరటి గుమ్మంలోంచి వచ్చి వంటింట్లో కాళ్లు కడుక్కుంటున్న టైమ్‌కి ఇంటర్వ్యూ మంచి ఊపు మీదుంది. అవతల ఇద్దరున్నారు, ఒక హెచ్ఆర్ అమ్మాయి, ఒక టెక్నికల్ ఆయన. టెక్నికల్ ప్రశ్నలకి వీడు బాగానే చెప్పాడు. అప్పుడు ఆ అమ్మాయి బలహీనత ప్రశ్న వేసింది. మావాడు బట్టీ పట్టింది ఎత్తుకుని రెండో వాక్యంలో ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే. ఆ అమ్మాయిది మంచి మనసు, "టెన్షన్ పడకండి, తెలుగులో చెప్పండి, పర్వాలేదు" అంది.

అక్కడే కొంప మునిగింది. ఇంగ్లీషులో ఉన్నంతసేపూ ఆ అబద్ధానికి ఇంట్లో సాక్షుల్లేరు.

"పనిలో పడితే నేను తిండీ నిద్రా మర్చిపోతానండి..." అని వీడు గొంతు సవరించుకుని మొదలెట్టాడో లేదో, వంటింట్లోంచి గిన్నె చప్పుడుతో పాటు వచ్చింది.

"ఎవుడ్రా తిండి మర్సిపోయేది? రాత్రి సేపల పులుసు దాక ఎవుడు ఊడ్సీసేడు?"

వీడు చెవిలో ఇయర్‌ఫోన్ కూడా పెట్టుకోలేదు. నవ్వినట్టు ముఖం పెట్టి ఇంకాస్త గట్టిగా "...అందుకని ఈమధ్య ఉదయం ఐదింటికే లేచి..." అన్నాడు.

"అయిదింటికా! ఓలమ్మ! పదింటికి నేపితే కసురుతావు కదరా! తుంగున్న పక్కయినా తియ్యవు, ఆ సాప నాను సుట్టాలి!"

స్క్రీన్ మీద ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం ముందుకి వంగి, "మీదెక్కడండి?" అన్నాడు. శ్రీకాకుళం అని వీడు చచ్చీచెడీ చెప్పాడు. "మాది నరసన్నపేట. ఆ మాట వినగానే అనుకున్నాను" అన్నాడాయన. హైదరాబాదులో ఏ ఆఫీసు తలుపు తట్టినా లోపల మనోడొకడు ఉంటాడంటే ఇదే.

ఆ అమ్మాయికి సరదా పుట్టింది. "అమ్మమ్మగారిని ఒకసారి పిలవండి, ఆవిడనే అడుగుదాం" అంది. నేను పేపరు పడేసి ఆపడానికి లేచేలోపే మా అమ్మ ప్రసాదం పొట్లంతో సహా వచ్చి కెమెరా ముందు కూర్చుంది. కొంగు సర్దుకుంది. "బాగున్నారా బావూ? బాగున్నావా తల్లీ?" అని ఇద్దర్నీ పలకరించింది.

"అమ్మమ్మగారూ, మీ మనవడిలో లోపాలేంటో చెప్పండి."

ఇక వీడి పని అయిపోయిందని నేను గోడకి చేరబడ్డాను. జాబితా ఎంత పెద్దదో నాకు తెలుసు, పొద్దున్నే గుడికి బయల్దేరుతూ కూడా సగం చదివింది. అలాంటిది మా అమ్మ ముఖం ఒక్కసారిగా పెళ్లిచూపుల్లో పిల్లాడి మీద ఎవరో పుల్ల వేస్తే పెట్టే ముఖంలా మారిపోయింది.

"లోపాలేటి బావూ? మావోడికి లోపాలేటుంటాయి? బంగారం నాంటి గుంటడు. ఎవులు సెప్పేరు మీకు? ఆ ఎదురింటోలేనా?"

ఎవరూ చెప్పలేదని వాళ్లిద్దరూ తెగ సర్దిచెప్పారు. ఆవిడ నమ్మలేదు. ఇప్పటికీ ఎదురింటి వాళ్లతో మాట సరిగ్గా లేదు. "మరి ఇందాక పదింటికి లేస్తాడన్నారు కదా?" అని నరసన్నపేట ఆయన పట్టుకున్నాడు.

"అది నాను వోడితో అన్నాను. మీతో అన్నానేటి?"

దీనికి జవాబు ఏ కోచింగ్‌లోనూ చెప్పరు. ఆయన కూడా ఏమీ అనలేకపోయాడు. ఆవిడ అక్కడితో ఆగితే మా అమ్మ ఎందుకవుతుంది, "అడిగేరు కాబట్టి అడుగుతున్నాను, మీ కంపినీలో లోపాలేటి? జీతం నెలనెలా ఇత్తారా? రాత్రుల్లు కూకోబెడతారా? భోజినం ఎక్కడ?" అని మొదలుపెట్టింది. అవతల వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ అమ్మాయి "మా బలహీనత..." అని మొదలెట్టి ఆగింది. నెట్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు.

వీడు ఆ రోజు అన్నం తినలేదు. అంటే, మొదటిసారి పిలిచినప్పుడు తినలేదు.

తర్వాత మెయిల్ వచ్చింది. రెండో రౌండ్‌కి హైదరాబాదు నేరుగా రమ్మన్నారు. ఇంట్లో అందరం సంతోషపడుతుంటే మా అమ్మ మాత్రం దిగులుగా కూర్చుంది. ఏమైందమ్మా అంటే, "ఆ పిల్ల మళ్లీ అదే అడుగుతాది. వీడేటి సెప్తాడు, వీడికి నోరేదీ? పైవోలు అడిగితే నాలుక తిరగదు" అంది. ఇన్నాళ్లు కోచింగ్‌లో డబ్బు కట్టి వెతికిన అసలు బలహీనత అదేనని నేనూ వాడూ ఒకేసారి గ్రహించి ఒకరి వైపొకరు చూసుకున్నాం. వాడు వెంటనే ఫోనులో రాసుకున్నాడు కూడా.

మా అమ్మకి అది చాలలేదు. తనూ వెళ్తుందట. ఆమదాలవలస నుంచి రెండు టికెట్లు తియ్యమని నా ప్రాణం తీస్తోంది, తనకి లోయర్ బెర్తే కావాలి, పచ్చడి జాడీ పెట్టుకోవడానికి కింద చోటుండాలి. వెయిటింగ్ లిస్టు చూస్తే ఆ ఉద్యోగం రావడమే తేలికలా ఉంది.