మళ్ళీనా అంటే... అవును సార్, మళ్ళీనే!

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి తాళంచెవి అడిగాను. బాత్‌రూమ్ తాళంచెవి. మా చీరల షాపులో ఆడస్టాఫ్ బాత్‌రూమ్ మూడో అంతస్తులో గోడౌన్ పక్కన. తాళంచెవి మాత్రం కింద ఫ్లోర్ మేనేజర్ గారి సొరుగులో, చీర మడతలో పెట్టే అట్టముక్కకి కట్టి ఉంటుంది. ఎవరూ జేబులో వేసుకుని పోకుండా అట. చీరకి జేబు ఎక్కడుందో ఆయనే చెప్పాలి, ఇరవై ఏళ్ళుగా చీరలే అమ్ముతున్నాడు కదా.

"పదకొండింటికి వెళ్ళొచ్చావు కదమ్మా, మళ్ళీనా?" అన్నాడు. గట్టిగా. ఎదురుగా వరలక్ష్మీ వ్రతం చీరల కోసం వచ్చిన కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దాయన నవ్వాడు కూడా.

"అవును సార్, మళ్ళీనే" అనాల్సింది. అనలేదు. "డాక్టర్ నీళ్ళు ఎక్కువ తాగమన్నారు సార్" అని గొణిగాను, గల్లాపెట్టెలో చెయ్యిపెట్టి దొరికిపోయినదానిలా. ఆ గొణిగినందుకే రాత్రి పదకొండున్నరకి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

ఎక్కువ నీళ్ళు ఎందుకు తాగాల్సొచ్చిందో కూడా చెప్తాను. ఆషాఢం సేల్. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలువుకాళ్ళ మీద. నేనూ, నాతో పనిచేసే ఆడపిల్లలూ అందరం ఒకటే లెక్క వేసుకుంటాం: తాగితే వెళ్ళాలి, వెళ్ళాలంటే అడగాలి, కాబట్టి తాగొద్దు. అర లీటర్ బాటిల్ తెచ్చుకుని సాయంత్రం సగం ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. దానికి తోడు సింథటిక్ యూనిఫాం చీర, లోపల లంగా, దాని కింద లెగ్గింగ్. బెజవాడ ఉక్కపోతలో. మూడో వారానికి మంట మొదలైంది. చుక్కచుక్కకీ ప్రాణం పోయింది. యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు, ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. మంట తగ్గింది, దేవుడా అనుకున్నాను. అది తగ్గిన నాలుగో రోజుకి దురద. విరిగిన పాలలాంటి తెల్లబట్ట. మళ్ళీ అదే డాక్టరమ్మ దగ్గరికి. యాంటీబయాటిక్ చెడ్డ బ్యాక్టీరియాతో పాటు యోనిలో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియాని కూడా ఊడ్చేసిందట, చోటు ఖాళీ అయ్యేసరికి ఫంగస్ కాపురం పెట్టిందట. ఆరు రాత్రులు లోపల పెట్టుకునే మాత్ర రాశారు. చూశారా, సొరుగులో ఉన్న ఒక్క తాళంచెవి ఎంత దూరం తీసుకెళ్ళిందో!

ఆవిడ మంచిగానే చెప్పారు. ఆడవాళ్ళకి మూత్రం వచ్చే దారి 4 సెంటీమీటర్లే, మగవాళ్ళకి 20 దాకా ఉంటుంది, అందుకే క్రిములు మనకి తొందరగా పైకి ఎక్కుతాయి, నీళ్ళు తాగి ఎప్పటికప్పుడు పోస్తుంటే అవి కొట్టుకుపోతాయి, ఆపుకోవద్దు అన్నారు. 2018లో వచ్చిన ఒక పరిశోధన గురించి కూడా చెప్పారు. తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్ళని తీసుకుని, సగం మందిని రోజూ తాగేదానికి ఇంకో 1.5 లీటర్లు కలిపి తాగమంటే, ఏడాదిలో వాళ్ళకి ఇన్ఫెక్షన్లు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగమే వచ్చాయట. సంతోషం. ఆ 140 మందిలో బాత్‌రూమ్‌కి వెళ్ళడానికి మేనేజర్ ముఖం చూడాల్సినవాళ్ళు ఎంతమందో అని అడగబోయి ఊరుకున్నాను. పాపం, ఆవిడకీ బయట ముప్పై మంది పేషెంట్లు.

అక్కడి నుంచి మెడికల్ షాపు. చీటీ చూడగానే కౌంటర్ దగ్గర కుర్రాడి గొంతు మసీదులో ఉన్నట్టు తగ్గిపోయింది. మాత్రలు పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో పెట్టి, పైన స్టేపుల్ కూడా కొట్టాడు. నేనేదో నాటుసారా కొన్నట్టు. ఆ తర్వాత గులాబీరంగు సీసా ఒకటి తీసి "ఇది కూడా తీసుకోండి మేడమ్, ఇంటిమేట్ వాష్, ఫ్రెష్‌గా ఉంటుంది" అన్నాడు. బాబూ, నేను ఫ్రెష్‌గా లేనని నీకెవరు చెప్పారు?

ఈ సీసాల గురించి నాకు ఇంకో పేజీ కోపం ఉంది. యోని లోపల ఎవరూ ఏమీ కడగక్కర్లేదు. అది తనంతట తనే శుభ్రం చేసుకుంటుంది. అక్కడ ఉండే మంచి బ్యాక్టీరియా, లాక్టోబాసిలస్ అంటారు, పెరుగు తోడులో కూడా ఈ జాతివి ఉంటాయి, లాక్టిక్ ఆమ్లం తయారుచేసి లోపల పిహెచ్ 3.8 నుంచి 4.5 మధ్యలో పుల్లగా ఉంచుతుంది. ఆ పులుపులో చెడ్డ బ్యాక్టీరియా చాలామటుకు బతకలేదు. తోడు పెట్టిన గిన్నెలో సబ్బునీళ్ళు పోస్తే పెరుగు అవుతుందా? ఇదీ అంతే. పైన మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు. మా అమ్మ తరం అయితే డెటాల్ నీళ్ళతో కడిగేది, గచ్చు కడిగినట్టు. (పెరుగు జాతి అన్నాను కదా అని పెరుగు తీసుకెళ్ళి అక్కడ పెట్టకండి తల్లీ. తినండి.) ఇంకోటి, తెల్లబట్ట కనిపించగానే రోగం కాదు. నెలలో రోజుని బట్టి పల్చగా, చిక్కగా మారుతూనే ఉంటుంది. వాసనో రంగో మారినా, దురదో మంటో వచ్చినా అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, గులాబీ సీసా దగ్గరికి కాదు.

యోని అని రాశాను, ఎంతమంది ఉలిక్కిపడ్డారో. మనకి ఆ మాట పలకడానికి నోరు రాదు. "కింద" అంటాం, "అక్కడ" అంటాం. నేనూ డాక్టరమ్మ దగ్గర "అక్కడ మంట" అంటే, ఆవిడ "ఎక్కడ?" అని రెండుసార్లు అడిగారు. అదే అవయవం బూతుల్లో మాత్రం మా షాపు ముందు ఆటో ట్రాఫిక్‌లో గంటకి పదిసార్లు వినిపిస్తుంది. అప్పుడు ఎవరి గొంతూ తగ్గదు, ఎవరూ నల్ల కవర్లో చుట్టరు.

అమ్మకి ఫోన్ చేస్తే "వేడి చేసిందే, సబ్జా గింజల నీళ్ళు తాగు, బార్లీ కాచుకో, కొబ్బరిబోండాం తాగు" అంది. అమ్మా, అవన్నీ తాగితే ఎన్నిసార్లు వెళ్ళాలో తెలుసా? "మరి వెళ్ళు" అంది. ఎంత తేలికో!

కేరళలోని కోళికోడ్‌లో మిఠాయి వీధి అని ఉంది. అక్కడి బట్టల షాపుల్లో కూడా సేల్స్‌గర్ల్స్ ఇలాగే నీళ్ళు మానేసి, ఆపుకుని, రోగాలు తెచ్చుకున్నారు. టైలర్‌గా పనిచేసే పి. విజి అనే ఆవిడ వాళ్ళని కూడగట్టి బాత్‌రూమ్ కావాలి, కూర్చోవడానికి కుర్చీ కావాలి అని ఏళ్ళ తరబడి పోట్లాడింది. 2018లో కేరళలో కూర్చునే హక్కుకి చట్టం వచ్చింది, 2021లో తమిళనాడులో కూడా. కూర్చోవడానికి చట్టం! కుర్చీకే చట్టం కావాల్సి వస్తే తాళంచెవికి ఎప్పటికి వస్తుందో. మా షాపులో కుర్చీలు ఉన్నాయి లెండి, ముఖమల్ గుడ్డవి. కస్టమర్లకి.

సరే, మేనేజర్‌ని అని ఏం లాభం, ఇంటికొస్తే ఇంకో సొరుగు. డాక్టరమ్మ చివర్లో "కాటన్ లోదుస్తులు వేసుకోమ్మా, బాగా ఎండలో ఆరెయ్యి, తడివి వేసుకోకు" అన్నారు. ఆ మాట వినగానే నాకు పదకొండేళ్ళ కిందటి మంట లేచింది. పెళ్ళయిన కొత్తలో మేడ మీద తీగకి నావి ఆరేస్తే, సాయంత్రానికి మా అత్తయ్య వాటిని తీసి వరండా మూలన, తడి తువ్వాలు కింద వేసింది. "మగవాళ్ళు తిరిగే మేడమ్మా" అంది. ఆ రోజు నుంచి నావి తువ్వాలు కిందే. ఎండ తగలదు, గాలి తగలదు. శ్రావణంలో అయితే రెండు రోజులైనా ఆరవు, చేత్తో పట్టుకుంటే చల్లగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన. అవే వేసుకుని పన్నెండు గంటలు నిలబడతాను. అదే మేడ మీద, అదే తీగకి, మా మరిది డ్రాయర్లు మాత్రం పంద్రాగస్టు జెండాల్లా రెపరెపలాడుతుంటాయి. రెండింటికి చిల్లులు కూడా ఉన్నాయి. వీధి వీధంతా చూస్తుంది, ఎవరి పరువూ పోలేదు.

మా ఆయనతో ఈ మాట అంటే "ఇప్పుడు దానికి అమ్మతో గొడవెందుకు, ఫ్యాన్ కింద ఆరేసుకో" అన్నాడు. ఫ్యాన్ కింద ఆయన పడుకుంటాడు.

ఇందాక భోజనాలయ్యాక మేడ మీదికి వెళ్ళి నా లోదుస్తులు ఆరూ తీగకి వేసొచ్చాను, జెండాల పక్కనే, ఒక్కోదానికి రెండు క్లిప్పులు పెట్టి. పొద్దున ఆరింటికి తులసి నీళ్ళకి అత్తయ్య పైకి వెళ్తుంది. లీటర్ బాటిల్ నింపి బ్యాగులో పెట్టుకున్నాను. రేపు మూడింటికి మళ్ళీ అడుగుతాను. పదకొండింటికి కూడా.