సవరణ: టోగా గ్రీకులది కాదు

ప్రాచీన రోమన్లు ఒంటికి చుట్టుకునే పైవస్త్రం టోగా గురించి మొన్నటి పోస్టులో, అది గ్రీకుల నుంచి వచ్చిన నలుచదరపు వస్త్రమనీ, రోమ్‌లో అందరూ ధరించేవారనీ రాశాను. తప్పు, గ్రీకులు చుట్టుకునే హిమేషన్ అనే వస్త్రంతో కలిపేసుకున్నాను.

రోమన్ దుస్తులపై చరిత్రకారులు చెప్పేది వేరు. టోగా ఉన్ని బట్ట. ఒక అంచు తిన్నగా, రెండోది వంపు తిరిగి ఉంటుంది. ప్రాచీన ఇటలీలోని ఎట్రుస్కన్ జాతివారి టెబెన్నా అనే పైవస్త్రం నుంచి వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియంలో ఔలుస్ మెటెల్లుస్ అనే ఎట్రుస్కన్ ప్రముఖుడి కంచు విగ్రహం ఫొటో దొరికితే చూడండి: పొట్టి టోగా ఎడమ భుజాన్ని కప్పేసి, పైకెత్తిన కుడి చేతిని వదిలేస్తుంది; కింది అంచు మీద ఎట్రుస్కన్ అక్షరాలు కూడా ఉన్నాయి.

ధరించే హక్కు రోమన్ పౌరులకే. దేశబహిష్కారం పడితే అదీ పోయేది. గౌరవనీయులైన గృహిణులది స్టోలా అనే పొడవాటి గౌను.

‘మన పంచె లాంటిదే’ అన్న వాక్యం కూడా తీసేశాను. టోగా నడుముకు కట్టేది కాదు, చొక్కా లాంటి ట్యూనిక్ మీద చుట్టుకునేది.