ట్రైపాడ్ ప్లేటు గారి సముఖమునకు

మహారాజశ్రీ క్విక్ రిలీజ్ ప్లేటు గారికి, హనుమకొండ నుంచి రోజు కూలికి పెళ్లిళ్లలో క్యాండిడ్ ఫోటోలు తీసే ఒక కెమెరామన్ నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీ ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదని విన్నాను, సంతోషం. మీరు మోసిన కెమెరా, దాని లెన్సు మాత్రం హైదరాబాదులో ఒక రిపేరు షాపు అరలో, మెడకు చీటీ కట్టించుకుని కూర్చున్నాయి. పార్టు రావాలట. ఎక్కడి నుంచి, ఎప్పుడు అని అడగకూడదట.

ఈ లేఖ బహిరంగం కాబట్టి, మీరెవరో తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. కెమెరా అడుగున బిగించి, ట్రైపాడ్ అనే మూడుకాళ్ల స్టాండు తలలోకి తోసి, మీట వేసేస్తే కదలకుండా కూర్చునే అల్యూమినియం బిళ్ళ మీరు. వెడల్పు 38 మిల్లీమీటర్ల దగ్గర. మధ్యలో ఒకే ఒక్క స్క్రూ, పావు అంగుళం మందం, అంగుళానికి 20 చుట్లు. దేశమంతా మీటర్లలోకి, కిలోల్లోకి మారి దశాబ్దాలు గడిచినా మీరు మాత్రం అంగుళం దిగి రాలేదు. మీ ధర ఐదొందల లోపు. మీ నెత్తి మీద కూర్చునే సరుకు రెండు, మూడు లక్షలు. ఇంత నమ్మకం మా ఓనరన్న సొంత బావమరిది మీద కూడా పెట్టుకోలేదు.

జరిగింది మీకు తెలియనిది కాదు, అయినా రికార్డు కోసం రాస్తున్నాను. హంటర్ రోడ్డు దిక్కు ఒక ఫంక్షన్ హాల్. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ. అయ్యగారు గట్టిమేళం అన్నారు, బ్యాండు వాళ్లు అందుకున్నారు, హాల్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి పైకి లేచాయి. స్టేజీ ఎదురుగా మీ మీద ఓనరన్న కెమెరా, దానికి దూరాన్ని దగ్గరికి లాగే బరువైన 70-200 లెన్సు. ఆ లెన్సు మెల్లగా తల వంచడం మొదలుపెట్టింది. పెళ్లికూతురు కూడా అప్పుడే తల వంచింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత మీట దగ్గర టక్కుమని చిన్న చప్పుడు.

ఐదడుగుల ఎత్తు. నేలకు చేరడానికి అర సెకను, ఇంకాస్త. తాకేసరికి గంటకు 20 కిలోమీటర్ల దగ్గర వేగం, సాయంత్రం పూట హనుమకొండ చౌరస్తాలో ఏ బండికీ దొరకనంత. స్టేజీ ముందు తివాచీ పరిచారు గానీ, అది మీ దాకా రాకుండానే ఆగిపోయింది. అక్కణ్నుంచి పాలిష్ పట్టిన గ్రానైటు. మన కరీంనగర్ దిక్కు గ్రానైటు చైనా దాకా ఎగుమతి అవుతుంది. చైనా నుంచి మీరు దిగుమతి అయ్యారు. రెండు దేశాల వాణిజ్యం ఆ హాల్లో ముఖాముఖి కలుసుకుంటే, మధ్యలో జపాన్ లెన్సు నలిగింది.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ లేచి, "పోనీ తియ్ బిడ్డా, పిల్ల దిష్టంత దానికే పోయింది" అని ఊరడించింది. ఎదురుదిష్టికి గుమ్మడికాయ కొడితే యాభై రూపాయల్లో తేలిపోయేది.

ఓనరన్న కెమెరా తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. పడిన కెమెరాను ఎవరైనా ముందు చెవి దగ్గరే పెట్టుకుంటారు, అదేదో నోరు విప్పి చెప్పబోతున్నట్టు. లోపల టకటక అంది. అన్నకు చెమటలు. నిజానికి బొమ్మను పట్టే సెన్సరును తేల్చి ఉంచే ఈ కాలపు కెమెరా బాడీలు చాలావాటిలో, స్విచ్ ఆపేసి ఊపితే పడకపోయినా ఆ చప్పుడు వస్తుంది. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచేలోపే ఎవరో మంచినీళ్లు తెచ్చి అన్న మొహాన కొట్టారు.

అసలు దెబ్బ వేరే చోట. లెన్సు ముందు రక్షణకని బిగించిన గాజు బిళ్ళ, యూవీ ఫిల్టరు, పగిలింది. చూసిన ప్రతివాడూ "అదే కాపాడిందన్నా" అని దానికి దండం పెట్టాడు. అది పగిలి, పెంకులతో లోపలి అద్దం మీద సన్నగా గీతలు గీసి, రింగు వంకరపోయి, ఇక ఊడనని మొండికేసిన సంగతి సాయంత్రం గానీ తెలియలేదు. నిజంగా దెబ్బ కాసుకున్నది లెన్సు మూతి చుట్టూ గొడుగులా ఉండే ప్లాస్టిక్ హుడ్డు. దాని పేరు ఒక్కడు ఎత్తలేదు. ఇక లెన్సు కెమెరాతో కలిసే మౌంటు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగింది. ఫలితంగా ఫ్రేములో కుడిపక్క ఉన్న పెళ్లికొడుకు మీసంలో ఒక్కొక్క వెంట్రుక లెక్కపెట్టొచ్చు, ఎడమపక్క ఉన్న పెళ్లికూతురు మంచులో నిలబడ్డట్టు ఉంటుంది. అబ్బాయి తరఫు వాళ్లకు ఆల్బం బాగా నచ్చింది.

పడ్డ క్షణం మాత్రం చాలా క్లియర్‌గా దొరికింది. పెళ్లికూతురి చిన్నమ్మ కొడుకు ఫోన్‌లో, స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములు. ఆ పెళ్లి మొత్తం మీద ఫోకస్ తప్పని వీడియో అదొక్కటే.

ఇప్పుడు విచారణ సంగతి. అన్నాలు కాకముందే జరిగింది, అన్నాలు కాకముందే తీర్పు వచ్చింది. తప్పు మా దగ్గర లైటు పట్టుకునే పిల్లగాడిదట. నర్సంపేట దిక్కు నుంచి వచ్చి, పని నేర్చుకుంటానని చేరినవాడు.

"స్టాండు కాడ ఉండమంటే ఏడికి పోయినవ్‌రా?"

"నువ్వే కదన్నా లైటు పట్టుకోమన్నవ్."

"ఎదురు మాట్లాడుతున్నవా?"

నెల జీతంలో కోత. అప్పీలు లేదు.

నేను మీ తలకాయను కొంచెం దగ్గర నుంచి చూశాను ప్లేటు గారూ. మీ స్క్రూ నెత్తిన ఒక గాడి ఉంటుంది. అందులో రూపాయి బిళ్ళ పెట్టి తిప్పితే గట్టిగా బిగుస్తుంది. ఫోన్‌పే వచ్చినప్పటి నుంచి అన్న జేబులో బిళ్ళ ఉన్న పాపాన పోలేదు. అందుకని గోటితో, వేలితో తిప్పి "చాల్ తియ్" అంటాడు. స్కాన్ చేస్తే స్క్రూ బిగుసుకోదు కదా.

మీ అడుగున, రెండు కొసల్లో రెండు చిన్న మరలు ఉండాలి. మీట వదులైనా మీరు జారి బయటికి రాకుండా అవి అడ్డుకుంటాయి. మీకు అవి లేవు. గింబల్ మీదకి, అంటే నడుస్తూ తీసినా కెమెరా ఊగకుండా పట్టే చేతి స్టాండు మీదకి మార్చేటప్పుడు అడ్డమొస్తున్నాయని ఎవరో ఎప్పుడో పీకేశారు. ఆ ఎవరో పిల్లగాడు కాదు, అతను అప్పటికింకా ఇంటర్ చదువుతున్నాడు.

70-200 లాంటి బరువైన లెన్సుకు నడుము చుట్టూ కాలరు అనే సొంత పట్టీ, దానికో పాదం ఉంటాయి. మిమ్మల్ని బిగించాల్సింది ఆ పాదానికి, కెమెరా బాడీకి కాదు. బాడీకి బిగిస్తే బరువంతా ముందుకు లాగుతుంది, ఉన్న ఒక్క స్క్రూ మీద మెల్లగా తిరుగుతూ వదులవుతుంది. ఆ పాదం స్టూడియోలో, వినాయకుడి పటం ముందు అగరబత్తి స్టాండుగా ఉద్యోగం చేస్తోంది.

ఇక మీ మీట. ఫలానా తరహా అని పేరు పెట్టుకుంటారే గానీ, ఒక కంపెనీ ప్లేటుకీ ఇంకో కంపెనీ మీటకీ కాస్త తేడా ఉండొచ్చు. మర తిప్పి బిగించే తల అయితే ఆ తేడాను సర్దుకుంటుంది, మీటతో బిగించేది చాలాసార్లు సర్దుకోదు. మీది ఒక ఊరు, మీటది ఒక ఊరు. చప్పుడైతే వస్తుంది, పట్టు మాత్రం ఉండదు. ఇంత చూసినా పిల్లగాడి వేలిముద్ర నాకెక్కడా కనబడలేదు. పనిలో ఉన్నవాళ్లందరిలో చౌక మీరిద్దరే. మీకు కోయడానికి జీతం లేదు, కాబట్టి అతనిది కోశారు.

కెమెరాల మీద దయ చూపే శాఖ నాకు తెలిసి మన దగ్గర ఒక్కటే, పురావస్తు శాఖ. ఖిలా వరంగల్‌లో గానీ, రామప్పలో గానీ వాళ్ల అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. శిల్పాలకు దెబ్బ తగలకూడదని పెట్టిన రూలు గానీ, దాని పుణ్యాన ఎన్ని లెన్సులు బతికాయో. మొన్న ప్రీ వెడ్డింగ్ షూట్‌కని రామప్పకు పోతే, గేటు దగ్గర స్టాండు ఆపేశారు. అన్న తిట్టుకున్నాడు, నేను కాపలా అతనికి లోలోపల మొక్కుకున్నాను.

ఆ గుడి సంగతే చూడండి. 1213 నాటిది. పునాదిలో ఇసుక నింపారు, భూమి కదిలినా దెబ్బ పైకి రాకుండా. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గించు, కింద మెత్తగా పరుచు. ఎనిమిది వందల ఏళ్లకు 2021లో యునెస్కో వచ్చి భేష్ అంది. మేమేమో పైన లెన్సుతో కలిపి రెండు కిలోల పైచిలుకు కెమెరా పెట్టి, కింద గ్రానైటు పరిచి, మధ్యలో మిమ్మల్ని పెట్టాం.

ఇన్సూరెన్సు ఉందా అని మీరు అడగొచ్చు. ఉంది, దొంగతనానికి. ఎవరైనా ఎత్తుకుపోయి ఉంటే బాగుండేదని అన్న రెండు రోజులు బాధపడ్డాడు. వారంటీ వాళ్లకు "పడింది" అన్న మాట వినపడితే చాలు, ఫోన్ పెట్టేస్తారు. ఇక మిగిలింది మేడారం. రిపేరై క్షేమంగా తిరిగొస్తే వచ్చే జాతరలో కెమెరా నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మక్క తల్లికి మొక్కాడు. లెన్సుతో కలిపి తూస్తే రెండు కిలోల చిల్లర బెల్లం. అన్న మొక్కులు కూడా మీ ధరకు దగ్గర్లోనే ఉంటాయి.

కొత్త లెన్సు కిస్తీల మీద వచ్చింది. కొత్త ప్లేటు కొందామా అన్నాను. మిమ్మల్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికేమైంది? ఒక్క గీత పడలే" అన్నాడు. మళ్లీ మిమ్మల్నే బిగించాడు, వేలితోనే. అగరబత్తి స్టాండును కదిలిస్తే పూజకు అడ్డమట.

అయితే జాగ్రత్త మాత్రం పెరిగింది. మొన్నటి లగ్గం నుంచి పిల్లగాడికి కొత్త డ్యూటీ పడింది. ముహూర్తం మొదలు అప్పగింతల దాకా ట్రైపాడ్ పక్కన నిలబడి, రెండు చేతులతో కెమెరా పట్టుకోవాలి. మీ పని ఇప్పుడు అతను చేస్తున్నాడు. లైటు ఎవరు పట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు.

ఇట్లు,
తన కెమెరాను మెడకే వేలాడేసుకుని తిరుగుతున్న
క్యాండిడ్ ఫోటోగ్రాఫర్,
హనుమకొండ.