మహారాణికి మళ్లీ కిరీటం ఎందుకు?

మన వైజాగ్ నగరంలో చాప కింద నీరులా పాకుతున్న ఒక ప్రమాదం గురించి పెద్దమనుషులను హెచ్చరించక తప్పడం లేదు. స్టీల్ ప్లాంట్ సంగతి కాదు, రైల్వే జోన్ సంగతీ కాదు. వాటికి మనం ఎప్పుడో అలవాటు పడిపోయాం. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లు అందాల పోటీలకు వెళ్తామంటున్నారు. అనడంతో ఆగకుండా ఫారాలు కూడా నింపుతున్నారు.

మా సీతమ్మధార అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఆవిడనే తీసుకోండి. ఇద్దరు పిల్లలు, అత్తగారు, ప్రైవేటు ఉద్యోగం. ఇంతకాలం ఏ లోటూ లేకుండా గడిచింది. లోటు లేదని ఆవిడ భర్తే స్వయంగా చెప్పారు. అలాంటి మనిషి రాత్రి పది దాటాక గిన్నెలు సర్దేసి, పిల్లలకు దుప్పటి కప్పి, హీల్స్ తొడుక్కుని కారిడార్‌లో నడుస్తున్నారు. లిఫ్ట్ దగ్గర బయల్దేరి నీళ్ల మోటార్ స్విచ్ దాకా వెళ్తారు. అక్కడ నడుం మీద చెయ్యి పెట్టి, ఒక క్షణం ఆగి, తీయగా నవ్వి, వెనక్కి తిరుగుతారు. ఆ నవ్వు మోటార్ స్విచ్ కోసమేనని చూసినవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. అయినా సీసీ కెమెరా ఫుటేజీ చూసిన అసోసియేషన్ సెక్రటరీగారు రెండు రోజులు మనసు మనసులో లేకుండా తిరిగారు. కింది అంతస్తు వాళ్లు టకటకల మీద ఫిర్యాదు చేశారు. వాళ్లబ్బాయి డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు. అది కళ కనక దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

అత్తగారు "ఏటమ్మా ఇది, ఇద్దరు పిల్లల తల్లివి" అని ఊరుకున్నారు. భర్తగారి వాదనలో మాత్రం ఔదార్యం ఉంది. "నువ్వు ఆల్రెడీ మా ఇంటి మహారాణివే కదా, మళ్లీ ఈ కిరీటాలెందుకు?" అన్నారు. నిజమే మరి. పోటీలో గెల్చుకున్న కిరీటాన్ని ఏడాది తిరిగేసరికి ఇంకొకరి నెత్తిన పెట్టాలి. ఇంటి మహారాణి పదవి యావజ్జీవం. రాజీనామా చేద్దామన్నా తీసుకునే నాథుడుండడు. ఎంట్రీ ఫీజు అసలే లేదు, ఉన్నా పుట్టింటివారు పెళ్లినాడే కట్టేసి ఉంటారు. ప్రశ్నల రౌండ్ రోజుకు మూడు పూటలా ఉంటుంది.

ఆయనకు మాత్రం కలలు లేవా? ఏటా నేవీ మారథాన్‌లో పది కిలోమీటర్లు పరిగెడతారు. దానికోసం నెలల తరబడి తెల్లవారుజామున బీచ్ రోడ్డు, కొత్త బూట్లు, రాగిజావ, మధ్యాహ్నం కునుకు. పరుగు ముగించిన అందరికీ ఇచ్చే మెడల్ హాల్లో టీవీ పక్కన వేలాడుతోంది. అది ఆరోగ్యం, ఇది పిచ్చి. రాగిజావ ఎవరు కాస్తున్నారని అడగకండి, విషయం పక్కదారి పడుతుంది.

అసలీ తెగులు బయటి నుంచి వచ్చింది. 2001లో అదితి గోవిత్రికర్ మిసెస్ వరల్డ్ గెలిచినప్పుడు, చదివింది డాక్టరీ అయినా మోడలింగ్ చేసే బొంబాయి మనిషి కదా, మనకెందుకులే అనుకున్నాం. 21 ఏళ్లు ప్రశాంతంగా గడిచాయి. 2022 డిసెంబరులో లాస్ వేగాస్‌లో సర్గమ్ కౌశల్ గెలిచారు. పేపర్లో చదివాక తెలిసింది, ఈ జమ్మూ ఆడపడుచు అంతకుముందు మన వైజాగ్‌లోనే టీచర్‌గా పనిచేశారట, భర్త నేవీ అట. తూర్పు నౌకాదళం కొలువున్న ఊరు ఇది. సముద్రంలో ఏం కదిలినా కనిపెట్టే ఊళ్లో, స్టాఫ్‌రూమ్‌లో ఏం కదులుతోందో ఒక్కరూ పసిగట్టలేకపోయారు.

ఆ తర్వాత ఇక అడ్డూ అదుపూ లేదు. మిస్ యూనివర్స్ వాళ్లు 2023 నుంచి పెళ్లయినవాళ్లనూ తల్లులనూ రానిస్తున్నారు. ఆ ఏడాదే కొలంబియా, గ్వాటెమాలా తల్లులను పోటీకి పంపాయి. మరుసటి ఏడాది 28 ఏళ్ల వయోపరిమితి కూడా ఎత్తేశారు. మిస్ వరల్డ్ మాత్రం మాట మీద నిలబడింది. 2025 మేలో హైదరాబాద్ దాకా వచ్చి కూడా తల్లులకు తలుపు తీయలేదు. లండన్‌లోని ఆ మిస్ వరల్డ్ సంస్థకూ మా మూడో అంతస్తు అత్తగారికీ ఇంత చక్కటి ఏకాభిప్రాయం కుదరడం మన సంస్కృతికి దక్కిన గౌరవం.

పోటీలు పెట్టేవాళ్లందరూ సత్యహరిశ్చంద్రులని నేననను. కొన్నిచోట్ల ఇది పక్కా బేరం. ఎంట్రీకి ఒక ఫీజు, గ్రూమింగ్‌కు ఒక ఫీజు, ఫొటోలకు వేరే. చివరికి డబ్బు కట్టిన ప్రతివారి మెడలో ఏదో ఒక పట్టీ, మిసెస్ చిరునవ్వు అనో, మిసెస్ నిగనిగల జుట్టు అనో. "వచ్చినవాళ్లందరికీ ఇచ్చేదీ ఒక బహుమతేనా?" అని భర్తగారు మండిపడ్డారు. టీవీ పక్కకు చూడకుండానే మండిపడ్డారు.

ఆవిడ వాదన పెట్టుకోలేదు. తన జీతంలోంచి ఫీజు కట్టేశారు. గౌను కుట్టడానికి ఇచ్చేశారు. పోటీకి మూడు రోజులు ఊళ్లో ఉండరట. సరిగ్గా అప్పుడే చిన్నాడి యూనిట్ టెస్టులు. భర్తగారు ధైర్యం కూడగట్టుకుని "నేను చూసుకుంటాలే" అన్నారు.

నిన్న సాయంత్రం ఆయన మెట్ల దగ్గర నన్ను ఆపారు. చుట్టూ చూసి గొంతు తగ్గించి, "మీ పాప మావాడి స్కూలే కదండీ. మావాడు ఏ సెక్షనో కాస్త కనుక్కుని చెప్తారా?" అన్నారు.